మొగ్గల్లానుడికీ కునుకు వచ్చింది



ధమ్మ బంధువులారా, ముందు నా తప్పు చెప్పుకుంటాను. మా విహారంలో ఆదివారం వందనకు వచ్చే ఒక అమ్మాయి ప్రతి వారం కునికేది. ఏప్రిల్, మే నెలల్లో మరీ ఎక్కువ. రేకుల కప్పు కింద పంచశీల ముగిసేలోపే తల వాలిపోయేది. "ఇది థీనమిద్ధం, ధ్యానానికి అడ్డు, జయించుకోమ్మా" అని అందరి ముందరా అన్నాను. ఆరు నెలలు ఆ పిల్ల మళ్లీ విహారం గడప తొక్కలేదు.

ఆమెకు నార్కోలెప్సీ అని తర్వాత తెలిసింది. మనిషిని మెలకువగా ఉంచే హైపోక్రెటిన్ మెదడులోని హైపోథాలమస్‌లో తయారవుతుంది. ఈ జబ్బున్న చాలామందిలో ఆ కణాలు నశించి ఉంటాయి. కొందరు గట్టిగా నవ్వితే మోకాళ్లు సడలి కూలబడతారు. మనోళ్లు గాలి సోకిందంటారు. ఒంటి వేడిని అదుపుచేసేదీ ఆ హైపోథాలమసే. నిద్రకు ముందు మన చేతులు, పాదాలు వెచ్చబడతాయి. వీళ్లకు పగలే అట్లా వెచ్చగా ఉండటం పరిశోధకులు కొలిచి చూశారు. ఇంక మన కర్నూలు, కడప ఎండ సంగతి చెప్పాలా? నాపరాళ్ల కప్పు రాత్రి పదింటికీ సెగ కక్కుతానే ఉంటాది.

"ముందు జన్మలో ఏం చేసిందో" అన్నోళ్లు మనలోనే ఉన్నారు. అనుభవమంతా పూర్వకర్మ ఫలమేనా అని సీవకుడనే పరివ్రాజకుడు అడిగితే తథాగతుడు ఒప్పుకోలేదు. పిత్తం, శ్లేష్మం, వాతం, రుతువుల మార్పు కూడా కారణాలేనని చెప్పినట్టు సంయుత్త నికాయలో ఉంది. రుతువు అన్న మాట గమనించండి. మన తాతలను ఊరి బయట ఉంచిన కర్మ మాటను బాబాసాహెబ్ తోసిపుచ్చితే, మనం తెచ్చి ఒక రోగి మీద వేస్తామా?

మహా మొగ్గల్లానుడంతటివాడు కల్లవాళపుత్త గ్రామంలో కూర్చుని కునికాడు. తథాగతుడు తిట్టలేదు. ధమ్మాన్ని తలచుకో, చెవులు లాగు, ఒళ్లు రుద్దు, కళ్లు కడుక్కో, నక్షత్రాలు చూడు, లేచి నడువు అన్నాడు. అయినా పోకుంటే కుడిపక్కకు తిరిగి పడుకో అన్నాడు. ఈ ఆఖరు మాట నేను చాలాసార్లు చదివి కూడా దాటిపోయినాను.

ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉంటే పొలం, ఉపాధి పని ఎండ ముదరకముందే ముగించనీయండి. మధ్యాహ్నం చల్లని చోట కాసేపు కునుకు తీయనీయండి. తడి తువ్వాల మెడకు, చల్లనీళ్లు చేతులకూ పాదాలకూ. పొయ్యి కాడ, బావి గట్టున ఒంటరిగా వదలద్దు. జబ్బు అదుపులోకి వచ్చిందని డాక్టరు చెప్పేదాకా బండి ఇవ్వద్దు. ఒళ్లు కాలిపోతా, పిలిస్తే పలకకుంటే "అలవాటు నిద్రేలే" అనుకోవద్దు. అది వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, 108కి ఫోన్ చేయండి. ఈ జబ్బు పూర్తిగా నయం కాదు గానీ మందులతో అదుపులో ఉంటుంది. నరాల డాక్టరు దగ్గరికి పోండి, అంత్రాలు కట్టించద్దు.

మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుడి శాసనాలున్నాయి గదా. మనుషులకూ పశువులకూ వైద్యం, దారెంట బావులు, చెట్లు అని వాటిలో రెండోది చెబుతుంది. 2,200 ఏళ్లకు పైగా ఆ బండ మన ఎండలోనే ఉంది.

ఆ అమ్మాయి ఇంటికి పోయి క్షమించమని అడిగాను. మొన్నటి వేసవిలో వందన పొద్దున ఆరింటికి మార్చినాం, విహారం బయట యాపచెట్టు కింద. పక్కన కుండనీళ్లు, ఒక చాప. ఆమె త్రిశరణం మాతో చెప్పి, నిద్రొస్తే ఆ చాప మీద పడుకుంటుంది. మేం గొంతు తగ్గించి సుత్తపఠనం సాగిస్తాం.