తోక రాలిన లెక్క

అమృతలూరు మండలంలోనే మూల్పూరు ఉంది. తెనాలిలో ప్లీడరీ చేస్తూ ఎం.ఎన్. రాయ్ మానవవాదాన్ని జనంలోకి మోసుకెళ్ళిన ఆవుల గోపాలకృష్ణమూర్తిది ఆ ఊరే. రాయ్ 1946లో పెట్టిన 22 సూత్రాల్లో రెండోది భలేది. బతకడానికి జీవి చేసే పోరాటమే మనిషి దాకా వచ్చేసరికి, ఆలోచనా ఉద్వేగాల మెట్టు మీద, స్వేచ్ఛ కోసం వెతుకులాట అవుతుందట. బురదలో కదిలిన మొదటి జీవికీ తెనాలి కోర్టులో వాదించే ప్లీడరుకీ మధ్య తెగని దారం ఉందన్నమాట. నాకీ మాట ఇష్టమే.

చిక్కేమిటంటే, ఆ ఏడాదే ఎన్నికల్లో వాళ్ళ రాడికల్ డెమోక్రటిక్ పార్టీ మట్టికరిచింది. 1948లో పార్టీనే రద్దు చేసుకున్నారు. బతకలేనిది అంతరించింది, ప్రకృతి న్యాయం అని ఎదుటివాడు నవ్వొచ్చు. తోకతో పని తీరింది గనక తోక రాలిపోయిందని వీళ్ళు చెప్పుకోవచ్చు. రెండు పక్షాలకీ డార్వినే సాక్షి. ఇలాంటి సాక్షిని ఏ ప్లీడరూ బోనెక్కించడు. రాజకీయాలు మాత్రం ఎక్కిస్తూనే ఉన్నాయి.

'యోగ్యులే మిగులుతారు' అన్న మాటను 1864లో పుట్టించినవాడు హెర్బర్ట్ స్పెన్సర్. షావుకార్లకు అది తెగ నచ్చింది. 1873లో మార్క్స్ తన 'పెట్టుబడి' ప్రతిని డార్విన్‌కు పంపాడు. డార్విన్ అందులో చాలా పేజీల అంచులైనా కోయలేదు. క్రొపోట్కిన్ 1902లో, జంతువులు కూడా ఒకదానికొకటి సాయం చేసుకునే బతికాయని పుస్తకం వేశాడు. ఎవరి డార్విన్ వాళ్ళకున్నాడు.

మావాళ్ళూ తక్కువ తినలేదు. తొమ్మిదో శతాబ్దంలోనే బస్రావాడు అల్ జాహిజ్ జంతువుల గ్రంథం రాశాడు, డార్విన్ చెప్పిందంతా అందులో ఉందంటాడొక సాయిబు. డార్విన్ చెప్పింది కుఫ్రంటాడు ఇంకో సాయిబు. ఒక్కోసారి ఇద్దరూ ఒకడే. అటు పక్కన చేప, తాబేలు, పంది అని అవతారాలు లెక్కబెట్టి ఇదే పరిణామం అనేవాళ్ళున్నారు. 2018లో ఒక కేంద్రమంత్రి డార్విన్ శాస్త్రపరంగా తప్పన్నాడు, కోతి మనిషవడం మన పూర్వీకులెవరూ చూడలేదట. 2017లో టర్కీ హైస్కూలు పాఠాల్లోంచి పరిణామాన్ని తీసేసింది. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి పుస్తకంలోంచి తీసేసింది. ఈ ఒక్క విషయంలో హిందూ ముస్లిం భాయీ భాయీ!

పార్టీ మార్చినవాణ్ణి 'పరిణామం చెందాడు' అంటారు మనవాళ్ళు. శుద్ధ తప్పు. ఒక్క ప్రాణి తన బతుకులో పరిణామం చెందదు. మారేది తరాలు గడిచాక ఆ జాతి. ఊసరవెల్లి చేసేది రంగు మార్చడం.

నవ్వు ఆగే చోటు ఒకటుంది. అదే వేమూరు నియోజకవర్గంలో చుండూరు. త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం కట్టుకున్న తెనాలికి కూతవేటు. 1991 ఆగస్టు 6న అక్కడ 8 మంది దళితుల్ని చంపి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. బతుకు పోరే పెరిగి పెరిగి స్వేచ్ఛాకాంక్ష అవుతుందంటే, ఆ రోజు గొడ్డళ్ళు పట్టినవాళ్ళది ఏ మెట్టు? డార్విన్ చెట్టుకు కొమ్మలే ఉన్నాయి, మెట్లు లేవు. మెట్లున్నది కులానికి. డార్విన్ తరఫున జీవితమంతా వాదించిన హక్స్‌లీ కూడా 1893లో, నీతి అంటే ప్రకృతి పోకడను అనుసరించడం కాదు, దానికి ఎదురు నిలవడం అన్నాడు. రాయ్ సూత్రం కంటే ఈ మాటే నాకు చుండూరు దగ్గర పనికొచ్చింది.

'బలవంతుడిదే రాజ్యం' అనేవాడి తర్వాత నాకు భయం 'ముందు వచ్చినవాడిదే నేల' అనేవాడంటే. మా నూర్‌బాషాలం ఇక్కడి పత్తే ఏకాం, ఇక్కడి తెలుగే మాట్లాడాం. 2022లో అమృతలూరు గుంటూరు జిల్లాలోంచి బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. ఊరు అంగుళం కదల్లేదు, పేరు మారిందంతే. మా తాతల మతమూ అలాగే మారింది. అయినా 'మీరు ఎక్కణ్ణుంచి వచ్చారు?' అని మాకే ప్రశ్న. గుంటూరు మిరపకాయ పోర్చుగీసు ఓడల కాలంలో అమెరికా ఖండం నుంచి వచ్చింది, దాన్ని అడిగినవాడు లేడు.

ఈమధ్య రేపల్లె బస్సులో పక్క సీటాయన కూడా అడిగాడు.

'ఆఫ్రికా నుంచండీ,' అన్నాను. 'అరవై, డెబ్భై వేల ఏళ్ళ కింద. మీరూ ఆ గుంపులోనే వచ్చారు.'

ఆయన నిజంగానే నవ్వాడు. మంచివాడే. జేబులోంచి వక్కపొడి తీసి నాకూ కాస్త పెట్టాడు. బస్సు కాలవ గట్టెక్కాక మళ్ళీ ఇటు తిరిగి, 'అది సరే గానీ సాయిబు గారూ, ఆ తర్వాత?' అన్నాడు.