అమ్మెడి యంత్రము – అమ్మరాని సొత్తు

పశువుల సంతలో బేరమునకు వచ్చిన రైతు ఎద్దు నోరు తెఱచి పండ్లు చూచును, సుళ్లు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. కొమ్ములు చెక్కి రంగు పూసినంత మాత్రమున మోసపోవువాడు ఆ సంతలో అరుదు. ఏలయన, ఎద్దు తన వయస్సును తన ఒంటిమీదనే మోయుచుండును. ఈ కాలమున సంతకెక్కిన సరకు మఱియొకటి కలదు. దాని వయస్సు పైకి తెలియదు. దాని కడుపులో నున్నది అసలే తెలియదు. అది పాత కంప్యూటరు.

విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు సాధారణముగా నిచ్చుచుండిన రక్షణ సవరణలను మైక్రోసాఫ్టు సంస్థ 2025 అక్టోబరు 14వ తేదీతో నిలిపివేసినది. దాని తరువాతిదైన విండోస్ 11 పాతబడిన ప్రాసెసరులు గల యంత్రములను అంగీకరింపదు. కావున చక్కగా పనిచేయుచున్న వానిని గూడ వదిలించుకొనవలెనను తలంపు పలువురకు కలుగుచున్నది. కొనువారును లేకపోలేదు. క్రొత్తది కొనలేని విద్యార్థికి పాతదే పెన్నిధి.

అమ్మువారిలో కొంత బుద్ధిమంతులైనవారు ఒక ఆచారమును పాటింతురు. ఆపరేటింగ్ సిస్టమును మరల మొదటినుండి ఎక్కించి ఇత్తురు. దానితో తమ బాధ్యత తీరినదని వారి నమ్మకము. ఆ నమ్మకము ఎంతవఱకు నిలుచునో విచారింపవలసియున్నది.

ఒక మండల కేంద్రములో నెట్ సెంటరు నడుపుకొను గృహస్థుని ఊహింపుడు. పదేండ్లుగా ఊరివారందఱు అతని కడకు వచ్చిరి. ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకములు, పట్టాదారు పుస్తకములు, కుల ధ్రువపత్రములు, బిడ్డల మార్కుల జాబితాలు అతని చేతికిచ్చి స్కాను చేయించుకొనిరి, దరఖాస్తులు పంపించుకొనిరి. పని ముగిసినంతనే వారు కాగితములు తీసికొని వెళ్లిరి. ప్రతులు మాత్రము యంత్రములో మిగిలినవి. ఇప్పుడతడు ఆ యంత్రమును కొద్ది వేలకు అమ్మదలచినాడు. దుకాణములోని కుఱ్ఱవాడు అరగంటలో విండోసును మరల ఎక్కించినాడు. తెరమీద నీలివన్నె బొమ్మ తప్ప మఱేమియు లేదు. కడిగిన గిన్నెవలె నున్నదని యజమాని సంతోషించినాడు.

కాని ఆ గిన్నె కడుగబడలేదు. డిస్కులో నేయే దస్త్రము ఎచ్చట నున్నదో తెలుపు పట్టిక యొకటి వేఱుగా నుండును. దస్త్రమును తొలగించుమని ఆజ్ఞాపించినపుడు యంత్రము ఆ పట్టికలోని పేరును కొట్టివేయునే కాని, దస్త్రము జోలికి పోదు; ఆ చోటు ఖాళీయని గుర్తు పెట్టుకొనును. త్వరితముగా జరుగు ఫార్మాటులో క్రొత్త పట్టిక వ్రాయబడును. అంతే. పుస్తకమునుండి విషయసూచికను చింపివేసినంత మాత్రమున లోపలి ప్రకరణములు మాయమగునా? 500 గిగాబైట్ల డిస్కుమీద క్రొత్తగా ఎక్కిన సిస్టము ఏ 20 లేక 30 గిగాబైట్లనో ఆక్రమించును. మిగిలిన చోట ఊరివారి కాగితములు ఉన్నవి ఉన్నట్లే యుండును. వానిని వెలికితీయు సాధనములు ఉచితముగా దొరకుచున్నవి. వానిని ఉపయోగించుటకు గొప్ప విద్వత్తు అక్కఱలేదు.

ఇది ఊహాభయము కాదు. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ఇరువురు పరిశోధకులు వాడి విడిచిన 158 హార్డు డిస్కులను సంపాదించి పరీక్షించి, ఫలితములను 2003లో ప్రకటించిరి. వానిలో 129 పనిచేసినవి. సంపూర్ణముగా తుడువబడినవి 12 మాత్రమే. తక్కిన వానినుండి జాబులు, వైద్య విషయములు, వేలకొలది క్రెడిట్ కార్డు సంఖ్యలు బయటపడినవి. వానిని అమ్మినవారిలో పలువురు తాము తుడిచితిమనియే తలంచియుందురు.

ఇచట నొక సమాధానము వినవచ్చును. “కొనువాడు పేద విద్యార్థి, వానికి ఇవి త్రవ్వి చూచు పని ఏమి?” అని. ఆ విద్యార్థి మంచివాడే కావచ్చును. కాని యంత్రము అతని కడనే ఆగిపోవునా? రెండేండ్లకు అతడును అమ్మును. మూడవ చేయి, నాలుగవ చేయి ఎవరిదో ఎవ్వరెఱుగుదురు? ఇంతకును నష్టపడునది అమ్మువాడు కాదు, కొనువాడు కాదు. ఆ బేరము జరుగుచున్న సంగతియే తెలియని మూడవవాడు. పింఛను దరఖాస్తుకై వేలిముద్ర వేసిన ముదుసలి ఆ బేరములో నోరు విప్పి అడుగలేదు. అడుగలేనివాని పక్షమున ఆలోచింపవలసినవాడు యంత్రము ఎవని చేతిలో నున్నదో అతడే.

మన ప్రాచీన న్యాయగ్రంథములు వివాదములలో ఋణము తరువాత నిక్షేపమును చెప్పినవి. ఒకడు నమ్మి దాచుమని ఇచ్చిన సొత్తు నిక్షేపము. ఈ కాగితములను ఎవ్వరును దాచుమని ఇయ్యలేదు గదా యని వాదింపవచ్చును. అది నిజమే. అయితే దాచుమని చెప్పనిదానిని దాచియుంచుట బాధ్యతను తగ్గించునా, పెంచునా? 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, అవసరము తీరిన పిమ్మట పరుల సమాచారమును తుడిచివేయవలెనని చెప్పుచున్నది. దాని నిబంధనలు 2025 నవంబరులో ప్రకటింపబడి విడతలుగా అమలునకు వచ్చుచున్నవి. చట్టము తన ఇంటి గుమ్మమునకు వచ్చువఱకు ఆగువాడు ఆగవచ్చును గాని, ఊరిలో తలయెత్తుకొని తిరుగువాడు ఆగడు.

చేయవలసిన పని కష్టమైనది కాదు. విండోసును మరల ఎక్కించు మార్గములోనే, అంతయు తీసివేయుమనుటతోపాటు డ్రైవును శుభ్రము చేయుమను ఎంపిక కలదు. అది ఆలస్యమగునని పలువురు విడిచిపెట్టుదురు. హార్డు డిస్కు నిండ సున్నలు వ్రాయించినచో, సెకనుకు 100 మెగాబైట్ల లెక్కన, 500 గిగాబైట్లకు గంటన్నర లోపుగా పని ముగియును. ముప్పదియైదు మారులు వ్రాయవలెనను పూర్వపు మాట నేటి డిస్కులకు వర్తింపదు. సమగ్రముగా ఒక్కమారు చాలును. ఎస్‌ఎస్‌డీ అను నూతన జాతి డిస్కు రీతి వేఱు. అది వ్రాసిన చోటనే మరల వ్రాయక, చోట్లు మార్చుకొనుచుండును; కావున దాని తయారీదారు ఇచ్చు తుడుపు ఆజ్ఞనే వాడవలెను. సుత్తితో పగులగొట్టుట నిర్భయమైన మార్గమని కొందఱందురు. పనికివచ్చు వస్తువును చెత్తపాలు చేసి, ఒక విద్యార్థికి దక్కవలసినదానిని దక్కకుండ చేయుట గంటన్నర ఓపికకు బదులు కాజాలదు.

ఇంతవఱకు తుడువవలసినదానిని గూర్చి. తుడువరానిది కూడ నొకటి కలదు. ఇదియే ఎక్కువమంది మఱచునది. సిస్టమును మరల ఎక్కించినపుడు యంత్రము మిలమిల మెరయును, చుఱుకుగా కదలును. కొనువానికి క్రొత్తదిగా తోచును. కొమ్ములకు రంగు పూయుట ఇదియే. పరుల రహస్యములను కాపాడు పని, యంత్రము దోషములను కప్పు పనియు కాగలదు. అయితే డిస్కు తాను ఎన్ని గంటలు తిరిగెనో, ఎన్ని చోట్ల చెడెనో స్మార్ట్ అను తన సొంత లెక్కలో వ్రాసికొనియుండును. సిస్టము మార్చినను ఆ లెక్క మాఱదు. అది ఎద్దు పండ్లవంటిది. నోరు తెఱచి చూపవలసినవాడు అమ్మువాడు. ఏలయన ఈ సంతలో కొనువానికి పండ్లు చూచు విద్య రాదు.

ఆ లెక్కను చూపవలెను. బ్యాటరీ ఎంతసేపు నిలుచునో చెప్పవలెను. ఈ యంత్రము విండోస్ 11నకు తగునో తగదో చెప్పవలెను. అనుమతి లేని విండోసును ఎక్కించి “అన్నియు ఉన్నవి” అని చేతిలో పెట్టుట దొంగసొత్తును చుట్టము చేతికిచ్చుట. యంత్రముతో వచ్చిన అనుమతి చెల్లుచున్నచో దానినే వాడవచ్చును. లేనిచో ఉచితముగా లభించు లినక్సును ఎక్కించి, ఇది ఇట్టిదని వివరింపవచ్చును. ధర అయిదు వందలు తగ్గునేమో. తగ్గనిమ్ము.

ఇదివఱకే అమ్మివేసినవాని మాట యేమి? ఆ నెట్ సెంటరు యజమాని కొనినవాని ఇల్లెఱిగినచో వెళ్లవలెను. సంగతి దాచక చెప్పవలెను. కొనినవాని పాఠములు, చిత్రములు ఇప్పుడు అదే డిస్కుమీద నున్నవి. వానిని చెఱుపు హక్కు ఇతనికి లేదు. విండోసులోనే సైఫర్ అను ఆజ్ఞ కలదు. అది ఉన్న దస్త్రములను ముట్టక, ఖాళీయని గుర్తు గల చోట్లమీద మాత్రము వ్రాసికొనిపోవును. ఊరివారి కాగితములు చాలవఱకు అచ్చటనే యుండును. యంత్రమును ఒక సాయంకాలము ఇమ్మని విద్యార్థిని అడిగి, అతని యెదుటనే కూర్చుండి, అది ముగియువఱకు వేచియుండవలెను.