బోర్డు కట్టే ముందు

చిట్టితల్లీ,

ఎమ్మెస్సీ సైకాలజీ ఫస్ట్ క్లాసులో పాసయ్యావని మీ నాన్న చెప్పగానే కడుపు నిండిపోయింది. వచ్చే నెల్లోనే 'క్లినికల్ సైకాలజిస్ట్' అని బోర్డు కట్టి ప్రాక్టీసు మొదలుపెడతావని కూడా అన్నాడు. తొందరపడకమ్మా.

నీ చదువు తక్కువదని కాదు. ఆ పేరు పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన క్లినికల్ సైకాలజీ కోర్సు చేసి ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మేమంతా నడిచిన దారి పీజీ తర్వాత రెండేళ్ల ఎంఫిల్. ఇప్పుడు కొత్త కోర్సులు వస్తున్నాయి కాబట్టి, చేరేముందు ఆ కాలేజీకి కౌన్సిల్ అనుమతి ఉందో లేదో చూసుకో. చదువయ్యాక కౌన్సిల్ రిజిస్టరులో పేరెక్కాలి. అది లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది దాకా జైలు పడొచ్చని 1992 నాటి కౌన్సిల్ చట్టంలోనే ఉంది.

చట్టం సంగతి అలా ఉంచు. బెంగళూరు నిమ్హాన్స్‌లోనో, రాంచీలోని మానసిక వైద్య సంస్థ సీఐపీలోనో శిక్షణ ఎలా ఉంటుందో తెలుసా? పేషెంటుతో మాట్లాడి వచ్చాక పెద్దవాళ్ల ముందు కూర్చుని కేసు చెప్పాలి. తెల్లవారుజామునే మెలకువ వస్తోందా అని అడిగావా, థైరాయిడ్ పరీక్ష చేయించారా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. థైరాయిడ్ మందగించినా మనిషి దిగులుగానే కనిపిస్తాడు మరి. అది గమనించకుండా నెలల తరబడి మాటలతో నయం చేయబోతే నష్టపోయేది ఆ మనిషే. పైగా మన ఊళ్లవాళ్లు దిగులుగా ఉందంటూ రారు. తల బరువంటారు, ఒళ్లు మంటలంటారు, గుండెదడంటారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగడానికి కొత్తవాళ్లు జంకుతారు, అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని. పుట్టదమ్మా. ఎవరో ఒకరు అడిగారన్న ఊరటతో చాలామంది నోరు విప్పుతారు. ఆ ప్రశ్న తడబడకుండా అడగడం, జవాబు విన్నాక ఎవరికి కబురు చేయాలో, సైకియాట్రిస్టు దగ్గరికి ఎప్పుడు పంపాలో తెలియడం, పక్కన అనుభవజ్ఞులు ఉంటేనే అబ్బుతుంది.

రెండేళ్లు సంపాదన ఉండదని బెంగపడకు. ఖర్చు మీ నాన్నా నేనూ చూసుకుంటాం. పెళ్లి ఆలస్యమవుతుందంటే మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ఎంట్రన్సుకు దరఖాస్తు పెట్టు. ఈలోగా ఖాళీగా ఉండలేనంటే, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ల దగ్గర సహాయకురాలిగా చేరు. కార్డు మీద మాత్రం నీకున్న డిగ్రీయే వేయించుకో.

నీ అత్తయ్య