మాల వేయని నలభై ఒక్క రోజులు

పోయిన నవంబరులో ఒక శనివారం రాత్రి. నల్లగండ్లలో మేముండే అపార్ట్‌మెంట్లోనే, స్నేహితుల ఇంట్లో పిల్లవాడి పుట్టినరోజు. పెద్దవాళ్లకు గ్లాసులు సర్దుతుంటే నాకు వద్దన్నాను. "కొన్నాళ్లు మానేశాను" అన్నాను. ఒకామె నవ్వుతూ నా పొట్ట వైపు చూసి, "ఏమిటి, విశేషమా?" అంది. "టాబ్లెట్లేమన్నా వాడుతున్నావా?" అని ఇంకొకరు. నా సహచరుడి వైపు తిరిగి, "నువ్వేమైనా అన్నావా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు.

అదే గదిలో నల్లబట్టలతో, మెడలో మాలతో మరో మిత్రుడు నిలబడి ఉన్నాడు. మొహం చూపించి పోదామని వచ్చాడు. మామూలు రోజుల్లో మా అందరికంటే ఎక్కువ తాగే మనిషి. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. "స్వామీ" అంటూ పండ్లు తెచ్చి చేతిలో పెట్టారు.

మగవాడు మానితే అది దీక్ష. ఆడది మానితే కారణం చెప్పుకోవాలి. ఆ కారణం కూడా గర్భమో, జబ్బో, భర్తో అయివుండాలి. ఆ రాత్రే అనుకున్నాను, నేనూ నలభై ఒక్క రోజులు మానతానని. మాల లేకుండా, దేవుడు లేకుండా.

నిజానికి నా కారణం నాకూ స్పష్టంగా తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాదాపూర్‌లో ఒక టీమ్ డిన్నర్ జరిగింది. మగవాళ్లంతా బీరు తెప్పించుకుని, ఆడవాళ్లకు మాత్రం అడగకుండానే జ్యూస్ చెప్పారు. ఒళ్లు మండి నేనూ బీరు చెప్పాను. ఆ గ్లాసు నాకు సమానత్వంలా కనిపించింది. అది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ పదిహేనేళ్ల తర్వాత, రోజూ రాత్రి లాప్‌టాప్ మూసి, చెరువు వైపు బాల్కనీలో ఒక్కదాన్నే కూర్చుని పోసుకునే గ్లాసు ఎవరితో సమానత్వం? తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడేది. మద్యం ముందు నిద్రపుచ్చినా రాత్రి రెండో సగంలో నిద్రను చెడగొడుతుందని డాక్టరు చెప్పేదాకా, ఆ మెలకువకు ఆఫీసునే తిట్టుకున్నాను. బాగా అలవాటుపడ్డ శరీరం ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ కూడా రావచ్చట. నాకు చిరాకు తప్ప ఏమీ రాలేదు. రెండో వారానికి నిద్ర పట్టడం మొదలైంది.

ఆ నిద్ర గురించి ఒకరోజు మా ఇంట్లో పనిచేసే ఆమెతో అన్నాను. ఆమెకు ఇందులో వింతేమీ కనిపించలేదు. "పండుగకు నేను గూడ కల్లు తాగుతనక్కా, దానికేముంది" అంది. తెలంగాణ పల్లెల్లో చావుకైనా పండుగకైనా ఆడామగా కల్లు తాగడం ఉన్నదే. బోనాల్లో అమ్మవారికి కల్లు సాక పోస్తారు. మా అగ్రవర్ణ మధ్యతరగతి ఇళ్లలోని నిషేధాన్ని ఆడవాళ్లందరి నిషేధమనుకుని, దాన్ని దాటడమే విముక్తి అనుకున్నాను నేను.

ఆమె భర్త కూడా మాల వేశాడు. "ఆయన మాలేస్తే నాకే పనెక్కువ. పొద్దుగాల నాలుగ్గొట్టంగ లేవాలె, పూజ సామాన్లు కడగాలె, మడితోని వండాలె. నెలొస్తే మా అక్కింటికి పోవాలె" అంది. అతని దీక్షకు ఆమె చాకిరీ చేస్తోంది, పైగా మైలైనప్పుడు ఇల్లు వదులుతోంది. నేనేదో అనబోయాను. ఆమే మళ్లీ అంది: "అయినా మంచిగుంటదక్కా. నలభై దినాలు నిద్రవోత. తలుపు సప్పుడైతే భయం గాదు."

నేను నోరు మూసుకున్నాను. మాల తీయగానే బారుకు పోయే దీక్షలను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో! తాత్కాలికం కనుక అబద్ధం అనుకునేదాన్ని. కానీ నలభై రోజుల నిద్ర అబద్ధం కాదు. ఆ రోజుల్లో పడని దెబ్బలు నిజంగానే పడలేదు. మరి ఇందులో నన్ను బాధిస్తున్నదేమిటి?

తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యతా వాచకంలోని 'సీతమ్మ కథ' వాళ్లకు ఊతమైంది. ఉద్యమం పాకి, జిల్లాలో సారా వేలంపాటలే సాగలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఖజానా మాట చెప్పి ప్రభుత్వమే మద్యనిషేధాన్ని సడలించింది. ఒక రకంగా అదీ తాత్కాలిక విరామమే. మొదలుపెట్టించింది ఆడవాళ్లు. ఎప్పుడు ముగించాలో మాత్రం వాళ్లను అడగలేదు.

విరామం చిన్నదా పెద్దదా అన్నది కాదేమో ప్రశ్న. దాని భారం ఎవరు మోస్తున్నారు, దాని ముగింపు ఎవరి చేతిలో ఉంది అన్నదే ప్రశ్న. నా విరామం కోసం ఎవరూ తెల్లవారుజామున లేవలేదు. ముగించడమూ కొనసాగించడమూ నా ఇష్టం. మా ఇంట్లో పనిచేసే ఆమె నిద్రకు మాత్రం ఇంకొకరి మెడలోని మాలే గడువు. నేను ఒంటరిగా కూర్చుని తాగుతూ స్వేచ్ఛ అనుకున్నది, ఒంటరిగా మానేసి గెలుపు అనుకున్నది, రెండూ ఆమె తలుపు దాకా పోలేదు. దూబగుంట ఆడవాళ్లు ఒకరి భర్త మాల వేసేదాకా ఇంకొకరు ఆగలేదు, కలిసి కదిలారు. నా చదువంతా ఉండి ఆమెకు నేనిచ్చింది ఏమిటి? ఒక ఫోన్ నంబరు. ఏ రాత్రి అయినా ఫోన్ చేయమన్నాను. ఆమె తలూపింది.

నా నలభై ఒక్క రోజులు డిసెంబరు చివర్లో ముగిశాయి. మళ్లీ మొదలుపెట్టలేదు, ఎప్పటికీ పెట్టనని ఒట్టూ వేసుకోలేదు. సంక్రాంతి తర్వాత ఆమె పనికి వచ్చింది.

"మీ ఆయన కొండ నుంచి వచ్చాడా?"

"వచ్చిండక్కా. మాల తీసిండు" అని గిన్నెల ముందు నిలబడింది.

రాత్రి నిద్రపట్టిందా అని అడగలేకపోయాను.