ఎవరికి చెప్తావు?

2025 అక్టోబరులో అబుదాబిలో ఉంటున్న మన ఖమ్మం జిల్లా కుర్రాడికి యూఏఈ లాటరీలో 10 కోట్ల దిర్హమ్‌లు తగిలాయి. మన డబ్బుల్లో దాదాపు 240 కోట్లు. ఆ వారమంతా సికింద్రాబాద్‌లో ఎక్కడ నలుగురు కూడినా అదే ముచ్చట. కారు కొంటానన్నాడట, పెద్ద హోటల్లో పండుగ చేసుకుంటానన్నాడట, అమ్మానాన్నల్ని తన దగ్గరికి తెచ్చుకుంటానన్నాడట. అతని సంగతి రెండు నిమిషాల్లో అయిపోయేది. ఆ తర్వాత ఎవరో ఒకరు చాయ్ గ్లాసు కింద పెట్టి "అదే నాకొస్తేనా..." అని అందుకునేవారు. అసలు మాటలు అప్పుడు మొదలయ్యేవి.

స్టేషన్ ముందు ఆటో పెట్టుకున్న ఒకతను నాకు చెప్పిన జాబితా ఇది. "ముందుగాల ఫైనాన్సోని పైసలు వాని మొకాన కొడ్త. చెల్లె పెండ్లికి కుదువబెట్టిన బంగారం ఇడిపిస్త. ఊళ్ళె ఇల్లు సగంల ఆగింది, స్లాబు ఏపిస్త. పోరగాండ్లను మంచి బడిల ఏస్త." ఇంకా? అని అడిగాను. కాసేపు హ్యాండిల్ మీద వేళ్ళు ఆడించాడు. "ఊళ్ళె పోచమ్మ గుడి కట్టిస్త సార్." ఇంకా? ఈసారి నవ్వాడు. నేను నోటిలెక్క వేసి చూశాను. గుడితో కలిపి కోటి దాటలేదు. మిగిలిన 239 కోట్లతో అతనికి పనే లేదు.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరైన పెద్దాయన జాబితా అల్లుడికి మాటిచ్చి ఇవ్వలేకపోయిన ఫ్లాటుతో మొదలైంది. మారేడ్‌పల్లిలో ఉంటూ మాదాపూర్‌లో ఉద్యోగం చేసే అమ్మాయిది హోమ్ లోన్ క్లోజ్ చేయడంతో మొదలై, రాజీనామా మీదుగా యూరప్ చేరి, నాలుగైదు కోట్ల దగ్గర ఆగిపోయింది. ఎవరిది విన్నా వరస దాదాపు ఒకటే. అప్పు, ఇచ్చిన మాట, ఇల్లు, పిల్లలు, దేవుడు. సొంత సరదా అన్నిటికన్నా చివర, అదీ సిగ్గుపడుతూ వస్తుంది. అందుకేనేమో, ముందే కారు మాట ఎత్తిన ఆ ఖమ్మం కుర్రాడిని చాలామంది కొంచెం చిన్నచూపు చూశారు, బాధ్యత లేదన్నట్టు. నేను అతని పక్షమే. ముప్పై ఏళ్ళు నిండనివాడు కారు కావాలనుకుని కారనే చెప్పాడు. టీవీ వాళ్ళ ముందు అనాథాశ్రమం అనడం అంతకన్నా తేలిక.

ఈ జాబితాలు వింటుంటే నాకు తోచింది ఒకటే. కోరికలు చెప్పమంటే మనవాళ్ళు బాకీలు చెబుతున్నారు. ఎవరి దగ్గర చెయ్యి చాచారో, ఎవరి ముందు తల వంచారో, ఎవరి మాట దగ్గర ఓడిపోయారో, ఆ పేర్లన్నీ వరసగా వస్తాయి. ఇక ఎవర్నీ అడగాల్సిన అవసరం లేకపోవడమే వాళ్ళు ఊహించుకునే జాక్‌పాట్. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ ఊహలో ఒక మనిషి కనిపించడు. రేపు తన దగ్గరికి వచ్చి అడగబోయేవాడు.

నిజానికి మన రాష్ట్రంలో లాటరీ టికెట్టే అమ్మరు. స్టేషన్ బయట తాళ్ళకు క్లిప్పులు పెట్టి ఇతర రాష్ట్రాల టికెట్లు వేలాడదీసిన రోజులు నా ఈడువాళ్ళకు గుర్తే. ఇప్పుడు కావాలంటే కేరళకో మహారాష్ట్రకో పోవాలి. అయినా మన జిల్లాల వాళ్ళకు తగులుతూనే ఉంది, గల్ఫ్ దారిలో. 2019లో నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి రైతు ఒకాయన దుబాయ్‌లో పని దొరక్క ఇంటికి తిరిగొచ్చి, భార్య దగ్గర 20 వేలు అడిగి తీసుకుని, అబుదాబి బిగ్ టికెట్ కొనమని స్నేహితుడికిచ్చాడు. కోటిన్నర దిర్హమ్‌లు వచ్చాయి, అప్పటి లెక్కలో 28 కోట్ల పైచిలుకు. 2022లో దుబాయ్‌లో నెలకు 3,200 దిర్హమ్‌ల జీతానికి డ్రైవర్‌గా చేస్తున్న జగిత్యాల జిల్లా యువకుడికి మరో డ్రాలో అంతే మొత్తం తగిలింది. ఊరికి, చుట్టుపక్కల ఊళ్ళకు పనికొచ్చేలా ట్రస్టు పెడతానన్నాడు. కుమ్మరిగూడ పాస్‌పోర్టు ఆఫీసు ముందు ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పట్టుకుని నిలబడే కుర్రాళ్ళను చూసినప్పుడల్లా వీళ్ళిద్దరూ గుర్తొస్తారు. నన్నడిగితే పెద్ద లాటరీ ఆ గల్ఫ్ ప్రయాణమే. దాని టికెట్టు ఖరీదెక్కువ, అప్పు చేసి మరీ కొంటారు.

లాటరీ లేని రాష్ట్రం అన్నాను గానీ, ఒక్క లాటరీ మాత్రం సర్కారే దగ్గరుండి తీస్తుంది. వైన్ షాపుల లైసెన్సులది. 2025లో 2,620 దుకాణాలకు దరఖాస్తు ఫీజు 3 లక్షలు, డ్రాలో పేరు రాకపోతే తిరిగి ఇవ్వరు. దరఖాస్తులు 95 వేలు దాటాయి. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,800 కోట్లకు పైగా చేరాయి. అందరికన్నా పెద్ద జాక్‌పాట్ ఎవరు కొట్టారో వేరే చెప్పాలా?

మన ఇళ్ళలో నెలనెలా జరిగే జాక్‌పాట్ ఇంకొకటుంది, చిట్టి. 5 లక్షల చిట్టి, 25 మంది, తలా నెలకు 20 వేలు. ఎవరికి అవసరం ఎక్కువుంటే వాళ్ళు ఎక్కువ తగ్గించుకుని పాట పాడతారు. ఇద్దరు ముగ్గురు ఒకే దగ్గర ఆగితే పేర్లు రాసి చీటీలు తీస్తారు. తీసేది తన డబ్బే, కానీ ఒక్కసారిగా చేతిలో పడేసరికి లాటరీ తగిలినట్టే ఉంటుంది. మా వీధిలో ఆడవాళ్ళు నడిపే చిట్టీని ఒక నెల మా ఎదురింటావిడ ఎత్తింది. మధ్యాహ్నం మూడింటికి డబ్బు చేతికొచ్చింది. ఆరు కాకముందే ముగ్గురు వచ్చారు. ఒకరు కూతురి శుభలేఖతో, ఒకరు ఆస్పత్రి చీటీతో, మూడో మనిషి "ఊరికే, చూసిపోదామని". ఆవిడ ముగ్గురికీ చాయ్ పోసి, ఉప్మా పెట్టి, డబ్బు అటునుంచటే బ్యాంకు లోనుకు జమైపోయిందని చెప్పింది. డబ్బు బియ్యం డబ్బాలో ఉంది. వాళ్ళు వెళ్ళాక ఆవిడ మొహంలో గెలుపేమీ లేదు. ఆస్పత్రి చీటీ తెచ్చినామె తనకు ఒకప్పుడు చేబదులు ఇచ్చిన మనిషట. "అబద్ధం చెప్పిన గానీ, ఆమె నమ్మలే" అంది.

ఐదు లక్షలకే ఇంత. 25 కోట్లయితే?

2022 సెప్టెంబరులో కేరళ ఓణం బంపర్ మొదటి బహుమతి 25 కోట్లు తిరువనంతపురంలో ఒక ఆటో డ్రైవర్‌కు వచ్చింది. టికెట్టు ఖరీదు 500. చేతిలో డబ్బు చాలక కొడుకు హుండీ పగలగొట్టి కొన్నాడు. మలేషియాలో వంటపనికి పోవడానికి సిద్ధమవుతున్నవాడు. ఏజెంటు కమిషన్ పది శాతం పోగా, మిగిలినదాంట్లో ముప్పై శాతం పన్ను పోగా 15.75 కోట్లు వస్తాయని పత్రికలు లెక్క వేశాయి, సర్‌చార్జీలు వేరే. పత్రికలు ఆ లెక్క వేసే లోపే ఊరు తన లెక్క వేసుకుంది. వారం తిరగకముందే అతను తన ఇంటికి తాను పోలేని పరిస్థితిలో పడ్డాడు. పొద్దున లేస్తే గుమ్మంలో జనం. బంధువుల ఇళ్ళలో తలదాచుకున్నాడు. డబ్బు ఇంకా చేతికే రాలేదని మొత్తుకున్నా వినేవాళ్ళు లేరు. మొదటి బహుమతి రాకుండా రెండోదో మూడోదో వచ్చుంటే బాగుండేదని బహిరంగంగానే అన్నాడు. ఆ ఏడు మూడో బహుమతి కోటి రూపాయలు. మన స్టేషన్ ముందరి ఆటో అతని జాబితా కూడా కోటి దగ్గరే ఆగిందని గుర్తుందిగా.

ఇలాంటివి చూశాకే కేరళ లాటరీ శాఖ గెలిచినవాళ్ళకు డబ్బు నిర్వహణ మీద క్లాసు పెట్టింది. మంచి పనే. డిపాజిట్ ఎలా చేయాలో, పన్ను ఎప్పుడు కట్టాలో నేర్పవచ్చు. మేనత్త కొడుకు పొద్దున్నే వచ్చి అరుగు మీద మౌనంగా కూర్చుంటే ఏమనాలో ఏ సిలబస్‌లో పెడతారు?

ఇవ్వడం తేలికనుకునేవాళ్ళు బీహార్ సుశీల్ కుమార్ కథ వినాలి. 2011లో కౌన్ బనేగా కరోడ్‌పతిలో 5 కోట్లు గెలిచాడు. తర్వాతి రోజులు తన జీవితంలో ఎంత గడ్డువో 2020లో ఆయనే రాసుకున్నాడు. గుప్తదానాలు మొదలుపెట్టాడు, నెలనెలా ఎక్కడెక్కడికో తిరిగి ఇచ్చాడు, తీసుకున్నవాళ్ళలో చాలామంది తనను మోసం చేశారని ఇచ్చాక గాని తెలియలేదు. భార్యతో సంబంధం చెడింది, తాగుడు అలవాటైంది. చివరికి బడిపంతులుగా కుదురుకున్నాడు. దానం చేయడానికి డబ్బుతో పాటు మనుషుల్ని చదవడం రావాలి. అది టికెట్టుతో రాదు.

లాటరీ తగిలినవాళ్ళు సుఖపడరన్న మాట మనకు బాగా రుచిస్తుంది, తగలనివాళ్ళం కాబట్టి. 1978లో అమెరికాలో ఇల్లినాయ్ లాటరీ విజేతలు 22 మందిని పలకరించి చేసిన అధ్యయనం ఒకటి ఈ మాటకు ఆధారంగా తిరుగుతుంటుంది. వాళ్ళు మామూలు జనంకన్నా చెప్పుకోదగ్గ ఆనందంగా లేరని అది తేల్చింది. కానీ స్వీడన్‌లో వేలమందిని, బహుమతి వచ్చిన ఎన్నో ఏళ్ళ తర్వాత పలకరించి 2020లో అచ్చేసిన పరిశోధన వేరే మాట చెప్పింది. పెద్ద బహుమతి వచ్చినవాళ్ళ జీవిత సంతృప్తి పెరిగింది, పదేళ్ళ తర్వాత కూడా తగ్గలేదు. అక్కడి విజేతల మీద వచ్చిన వేరే పరిశోధనల ప్రకారం ఎక్కువమంది ఉద్యోగాలు కూడా మానలేదు, పని కాస్త తగ్గించుకున్నారంతే. నాకు ఈ స్వీడన్ మాటే నమ్మబుద్ధవుతుంది. అయితే ఒకటి. స్వీడన్‌లో ఆస్పత్రి ఖర్చు, కాలేజీ ఫీజు సర్కారే చాలావరకు చూసుకుంటుంది. అక్కడి విజేత గుమ్మంలో ఆస్పత్రి చీటీ పట్టుకుని నిలబడేవాళ్ళు తక్కువ. మన దగ్గర ప్రభుత్వం చూడాల్సిన పని లాటరీ తగిలినవాడి మీద పడుతుంది. అడిగేవాళ్ళను అత్యాశపరులని తిట్టడం సులువు. వాళ్ళలో చాలామంది చేతుల్లో ఉన్నది ఆస్పత్రి బిల్లే.

అడిగింది దొరికాక ఏం చేయాలో తెలిసిన మనిషి కథ మన లష్కర్‌లోనే, అంటే సికింద్రాబాద్‌లోనే, ఒకటుంది. 1813లో ఇక్కడ కలరా ప్రబలినప్పుడు కంటోన్మెంటు సైన్యంలో పనిచేసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉన్నాడు. మా ఊళ్ళో జబ్బు తగ్గితే నీకు గుడి కడతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. తగ్గింది. 1815లో తిరిగొచ్చి కట్టెతో విగ్రహం చేయించి ప్రతిష్ఠించాడు. ఇవాళ ఆషాఢంలో లక్షలమంది బోనాలెత్తే ఉజ్జయిని మహంకాళి గుడి అలా మొదలైందే. అడిగింది దొరికాక, అడిగినప్పుడు ఇచ్చిన మాట గుర్తుంచుకున్నాడు అప్పయ్య. తన కోసం అడగలేదు కాబట్టి దాచుకోవాల్సిందీ లేకపోయింది. బోనాల మర్నాడు రంగం అనే వేడుకలో పచ్చికుండ మీద నిలబడిన స్త్రీ నోట అమ్మవారు చెప్పే భవిష్యవాణిలో కూడా వానలు, పంటలు, రోగాలు వస్తాయి, జరగాల్సిన పూజల గురించి కొంత అలక వస్తుంది. ఫలానావాడికి ఫలానా నంబరు తగులుతుందని అమ్మవారు ఎన్నడూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ కుండ దగ్గర తొక్కిసలాట ఆపడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

అందుకని నేను ఈ మధ్య ప్రశ్న మార్చాను. వస్తే ఏం చేస్తావని అడగడం లేదు, ముందు ఎవరికి చెప్తావని అడుగుతున్నాను. మొదటి ప్రశ్నకు గడగడా వచ్చిన జవాబు రెండోదానికి రాదు. మారేడ్‌పల్లి అమ్మాయి "అమ్మకు" అని వెంటనే అనేసి, "అమ్మకు చెబితే పిన్నికి చెబుతుంది" అని వెనక్కి తీసుకుంది. లాలాగూడ పెద్దాయన చాలాసేపు ఆలోచించి, తనకన్నా ముందే పోయిన స్నేహితుడి పేరు చెప్పాడు. ఒక నడివయసు మనిషి "ఆవిడకు తప్ప ఎవరికైనా" అని జోకేశాడు, పక్కనే ఆవిడుంది. నన్ను నేను అడిగి చూసుకున్నప్పుడు నా జాబితా కూడా పొట్టిదే. ఆ పేర్లు ఇక్కడ రాయను, లేనివాళ్ళు చదివితే గొడవ.

అన్నిటికన్నా పక్కాగా చెప్పింది మోండా మార్కెట్‌లో ఆకుకూరలమ్మే ఆమె. తోటకూర కట్టల మీద నీళ్ళు చల్లుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "ఎవ్వలికీ చెప్ప. చెప్పకున్నా తెలుస్తది గాని. రెండు దినాలు నేను దుకాణం పెట్టకపోతే మార్కెట్ మొత్తం అడుగుతది, ఏమైందీమెకు అని. అందుకే తెల్లారే నాలుగింటికే వచ్చి ఇట్లనే కూసుంట."

ఎన్నాళ్ళు అలా, అన్నాను.

"చిన్నోని పెండ్లయ్యే దాంక. పైసలున్నయని తెలిస్తే పిల్లనిచ్చేటోళ్ళు పైసలకిస్తరు." అప్పుడు తల ఎత్తి, "కొత్తిమీర ఇయ్యాల్నా, ఇట్లనే ముచ్చట్లు పెడ్తవా?" అంది.