గిన్నె ఎవరిది?

నారాయణపేట 2019లో జిల్లా అయింది గానీ, పై చదువులకు మేం పాలమూరుకో పట్నానికో పోవాల్సిందే. నలుగురం కలిసి రూము, కలిసి వంట. మాది కన్నడ సరిహద్దు. పెనం మీద కాలే జొన్నరొట్టె సాయిబులదా, మగ్గం నేసేటోళ్లదా? బగారన్నం ఎవరి పెండ్లిది?

తేడా రూము అడిగినప్పుడే మొదలైతది. పేరు విన్నంక ఇంటాయన మొదటి మాట, ‘నీసు వండుతరా?’ ఆయన అడిగేది కూర గురించి కాదు, మా గురించి. 2012 ఏప్రిల్‌ల ఉస్మానియాల దళిత విద్యార్థులు ముందుండి పెద్దకూర పండుగ చేస్తే కొట్లాటలైనయి. గిన్నెల ఏముందన్నది చిన్న సంగతి కాదని లోకానికి అప్పుడు తెలిసింది. మాకు ముందే తెలుసు.

రూమ్మేటు శనివారం ఒక్కపొద్దుంటే ఆ రోజు మేం నీసు వండం. రంజాన్ల సహెరీకి లేచి అన్నం వేడిచేసేది అతనే. దీన్ని లొంగుబాటు అనం. అతను అడిగినట్టే రేపు మేమూ అడగొచ్చు. ఇంటాయన షరతుల ఆ ఎదురడిగే వీలేది? అది మర్యాదగా పెట్టిన వెలి.

‘పప్పు వండుకుంటే అయిపాయె గదా’ అనే అభ్యుదయ మిత్రులు ఈ తేడా చూడరు. వాళ్లే మా రూముకొస్తే ఖిచిడీ మీద ఖట్టా రెండుసార్లు పోయించుకుంటరు. ఏం మసాలా కలిపినవని అడుగుతరు. కొత్త రూము దొరికిందా అని మాత్రం అడగరు.