మరియొక సంవత్సరము

ధ్యాన భాగము: లూకా సువార్త 13వ అధ్యాయము, 6 నుండి 9 వరకు



పదవ తరగతి ఫలితములు వచ్చిన మరునాడు ఒక తల్లి మా యింటి అరుగుమీద కూర్చుండి కన్నీరు పెట్టుకొనెను. ఆమె కుమార్తె లెక్కల పరీక్ష తప్పినది. కొద్ది వారములలో సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది. దానికి ఫీజు కట్టవలెను, ఎవరిచేతనైనను లెక్కలు చెప్పించవలెను. అంతకంటె పిల్లను రొయ్యల షెడ్డులో పనికి పంపుట మేలని ఇంటివారు తలంచిరి.

"మళ్ళీ డబ్బులు కట్టి ఏం లాభమండి, అయ్యగారూ? ఈసారి పాసవుతుందని మీరు చెప్పగలరా?" అని ఆమె అడిగెను.

"చెప్పలేనమ్మా. మీ పెద్దబ్బాయి తప్పినప్పుడు కట్టారు గదా?" అంటిని.

"ఆడు మగపిల్లాడండి" అని ఆమె తల వంచుకొనెను.

అప్పుడు నేనామెకు ఒక ఆట సంగతి చెప్పితిని. అది మీకును చెప్పెదను.

2003వ సంవత్సరమున, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రమునకు రాజధానియైన హైదరాబాదులో, రాష్ట్ర పర్యాటక శాఖ పేరుతో స్త్రీల టెన్నిస్ పోటీ ఒకటి ప్రారంభమాయెను. ఆటయే జీవనోపాధిగా గల స్త్రీలు అనేక దేశములనుండి వచ్చి అందులో ఆడిరి. సింగిల్స్ అనగా వలకు ఈ ప్రక్క ఒకతె, ఆ ప్రక్క ఒకతె. 32 మందితో పోటీ మొదలగును. ఒకసారి ఓడినయెడల ఆ సంవత్సరము సింగిల్స్‌లో ఆమె పని ముగిసినట్లే. లెక్క చూడుడి: వారము దినములలో 31 మంది ఓడిపోవుదురు, ఒక్కతె మాత్రమే కప్పు నెత్తుకొనును.

ఈ 32 స్థానములలో ఎక్కువ భాగము క్రీడాకారిణుల ర్యాంకును బట్టి దొరకును. అయితే ర్యాంకు చాలని కొందరికి నిర్వాహకులు తమ యిష్టపూర్వకముగా స్థానము నిత్తురు. దీనికి వైల్డ్ కార్డు అని పేరు. 2003లో అట్టి స్థానము హైదరాబాదులో పెరిగిన 16 ఏండ్ల బాలిక సానియా మీర్జాకు ఇచ్చిరి. ఆమె మొదటి ఆటలోనే ఆస్ట్రేలియా దేశస్థురాలగు ఈవీ డొమినికోవిచ్ చేతిలో ఓడిపోయెను. 2004లో మరల వైల్డ్ కార్డు ఇచ్చిరి. ఆమె మరల మొదటి ఆటలోనే, ఆస్ట్రేలియాకే చెందిన నికోల్ ప్రాట్ చేతిలో ఓడిపోయెను. డబుల్స్‌లో మాత్రము లీజెల్ హ్యూబర్‌తో కలిసి కప్పు గెలిచెను గాని, సింగిల్స్‌లో రెండేండ్లకు రెండు ఓటములే మిగిలెను.

2005 ఫిబ్రవరి 12వ తేదీన అదే హైదరాబాదులో, అదే పోటీ తుది ఆటలో, ఆమె ఉక్రెయిన్ దేశస్థురాలగు అలోనా బొండారెంకోను 6-4, 5-7, 6-3 తేడాతో ఓడించెను. వృత్తి క్రీడాకారిణుల డబ్ల్యు.టి.ఏ. సింగిల్స్ పోటీ గెలిచిన మొదటి భారత స్త్రీ ఆమెయే.

ఇంతవరకు విని ఆ తల్లి, "ఆవిడ గెలిచింది కాబట్టి చెప్తున్నారండి. గెలవకపోతే?" అనెను.

చదువరులారా, చదువురాని ఆ తల్లి పండితులడుగవలసిన ప్రశ్న అడిగినది. ఆ బాలిక 2005లోను ఓడిపోయియుండినయెడల, మునుపు రెండుసార్లు ఆమెకిచ్చిన స్థానము వ్యర్థమగునా?

2004వ సంవత్సరపు చివరన నిలువబడి చూడుడి. ముందేమి జరుగునో ఎవరికిని తెలియదు. ఆ దినమున ఒకరికి అవకాశమిచ్చుట న్యాయమా కాదా అని తీర్చుటకు రాబోవు సంవత్సరపు కప్పును సాక్షిగా పిలువలేము. ఫలితము వచ్చినప్పుడే మేలు మేలగునని అందుమా, మేలు చేయు దినమున ఏ మనుష్యుడును తాను మేలు చేయుచున్నాడని ఎరుగజాలడు. తిరిగి వచ్చునన్న పూచీమీద ఇచ్చునది అప్పు. పూచీ లేకయే ఇచ్చునది అవకాశము.

మన ప్రభువు చెప్పిన అంజూరపు చెట్టు ఉపమానము ఇచ్చట జ్ఞాపకము చేసికొందము. యజమానుడు మూడేండ్లు వచ్చి చూచెను, పండు లేదు. నరికివేయుమని చెప్పెను. తోటమాలి మరియొక సంవత్సరము గడువడిగెను. ఆ మరుసటి ఏట ఆ చెట్టు కాచెనా? సువార్తికుడు చెప్పలేదు. అనేకసార్లు చదివియు మనమీ సంగతి గమనింపము. ఫలితము మనకు తెలియకయే తోటమాలి చేసినది మంచిదని మన మనస్సు ఒప్పుకొనుచున్నది గదా!

అయితే తోటమాలి ఊరక గడువడుగలేదు. చెట్టు చుట్టు త్రవ్వి ఎరువు వేసెదనన్నాడు. కొబ్బరి మొదట పాదు చేసి, పెంటయెరువు వేయు మన డెల్టా రైతులకు ఈ మాట వివరింప నక్కరలేదు. సానియాకు ఆమె తండ్రి ఇమ్రాన్ మీర్జా ఆట నేర్పుచు వెంట నుండెను. పాటుపడక ఇచ్చిన గడువు దయ కాదు, వాయిదా మాత్రమే. గడువునకు అంతము కూడ కలదు. పండనియెడల నరికివేయవచ్చునని తోటమాలియే ఒప్పుకొనెను. గాని ఒక మాట. ఒకే తోటలో ఒక చెట్టుకు మూడేండ్లు, మరియొక చెట్టుకు ఒక్క ఏడాదియే గడువిచ్చు యజమానుని మనము న్యాయవంతుడందుమా? కుమారునికి రెండవ ఫీజు, కుమార్తెకు రొయ్యల షెడ్డు అను ఇల్లు అట్టి తోటయే.

ఓడిన 31 మందిని గూర్చియు ఒక మాట. తుది ఆటలో ఓడిన బొండారెంకో మరుసటి సంవత్సరమే, 2006లో, లక్సెంబర్గ్‌లో సింగిల్స్ కప్పు గెలిచెను. ఆ హైదరాబాదు పోటీయో, అదే సంవత్సరము బెంగుళూరునకు తరలిపోయెను. కప్పులును పోటీలును గతించును. ఒకరు పడినప్పుడు వారితో మనమెట్లు నడుచుకొంటిమో అది మన లెక్కలో నిలిచియుండును.

ఆ తల్లి ఫీజు కట్టినది. సంఘములోని ఒక టీచరుగారు సాయంకాలములు ఆ పిల్లకు లెక్కలు చెప్పుచున్నారు. చీకటి పడిన తరువాత అన్నగారే సైకిలుమీద ఇంటికి తీసికొనిపోవుచున్నాడు. నేనిది వ్రాయునాటికి పరీక్ష ఇంకను జరుగలేదు. ఆ పిల్ల పాసగునో లేదో నాకు తెలియదు.

మీ యింటిలోను, మీ వీధిలోను ఈ సంవత్సరము తప్పిన ఆడపిల్ల ఎవరైన ఉన్నదా? నరికివేయుడని పలుకుటకు ఊరిలో నోళ్లు చాల కలవు. పలుగు, ఎరువు తట్ట పట్టుకొని వచ్చువారు ఒక్కరైన ఉందురా?